నాలుగు గజముల నేల

‘ఫుట్‌బాల్’ అనగానే మన పాఠశాల విద్యార్థికి కాలితో తన్నెడు గుండ్రని బంతి స్ఫురించును. అమెరికావారు ఆ పేరుతో ఆడు ఆట వేరు. వారి బంతి కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును. దానిని కాలితో తన్నుట అరుదు. చంకనిడుకొని పరుగెత్తుటయో, చేతితో విసరుటయో మెండు. జట్టునకు 11 మంది. బంతి చేతనున్న జట్టునకు నాలుగు ప్రయత్నము లుండును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగినచో మరల నాలుగు లభించును. సాగలేనిచో బంతి ఎదుటివారి పాలగును. ఆట సారమంతయు ఈ చిన్న లెక్కలో నున్నది. ప్రయత్నమునకు నాలుగు గజముల చొప్పున తప్పక నేల గెలువగల జట్టు మూడింటిలోనే 12 గజములు దాటును. అట్టి జట్టు నాపుట దుర్ఘటము.

మొదట ఈ ఆటలో బంతిని ముందునకు విసరుట నిషిద్ధము. మూకుమ్మడిగా తలలు వంచి త్రోసికొనుటయే ఆటగా నుండెడిది. 1905లో మైదానములయందు పలువురు యువకులు మరణింపగా దేశమున కలవరము పుట్టినది; 1906లో నియమములు సవరించి ముందునకు విసరుట కనుమతించిరి. కావున పరుగు ఈ ఆటకు పెద్దబిడ్డ, విసరు తరువాతి బిడ్డ. ఇంటిపెత్తనము ఎవరిదను తగవు నేటికిని తెగలేదు.

పరుగును ఒక శాస్త్రమువలె బోధించినవాడు విన్స్ లొంబార్డి. ఆయన మొదట బడిపంతులు. న్యూజెర్సీ రాష్ట్రమున ఎంగిల్‌వుడ్ పట్టణములోని సెయింట్ సిసీలియా ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రములను, లాటిన్ భాషను చెప్పుచు, ఆ బడి పిల్లలకే ఆట నేర్పెను. 1959లో ఆయన గ్రీన్ బే పాకర్స్ జట్టునకు శిక్షకుడై వచ్చునాటికి, ఆ జట్టు క్రిందటియేడు 12 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి నవ్వులపాలై యుండెను.

లొంబార్డి వారికి ముఖ్యముగా నేర్పినది ‘స్వీప్’ అను ఒక్క ఎత్తుగడ. అందు దాపరికమేమియు లేదు. ముందు వరుసలో కాపు కాయు ఇద్దరు గార్డులు తమ తావులు విడిచి, ప్రక్కకు మరలి, బంతి మోయువానికి ముందుగా పరుగెత్తుదురు. ఎదుటివాడు బయటి దిక్కునకు ఒత్తినచో గార్డు అతనిని ఆ దిక్కునకే నెట్టివేయును, బంతి మోయువాడు లోపలి సందున దూరును. ఎదుటివాడు లోపలికి వచ్చినచో అటే త్రోసి, బయటి దారి తెరచును. అనగా దారి ముందుగా నిర్ణయింపబడదు. ఎక్కడ వెలుగు కనబడిన అక్కడ దూరవలెను. ఎదుటిజట్టువారికి స్వీప్ వచ్చునని తెలియును; తెలిసియు ఆపలేకపోయిరి. జాన్ మాడెన్ అను మరియొక ప్రసిద్ధ శిక్షకుడు యౌవనమున ఒక శిక్షణ సభకు పోగా, లొంబార్డి ఈ యొక్క ఎత్తుగడను గురించియే 8 గంటలు ఉపన్యసించెనట! ఒక్క సంధి సూత్రమును పట్టుకొని వారము దినములు పాఠము చెప్పిన తెలుగు పండితులకు ఇది వింతగా తోచదు.

ఆ కాలమున క్లీవ్‌లాండ్ జట్టులో జిమ్ బ్రౌన్ అను మహాబలుడుండెను. 1957 నుండి 1965 వరకు ఆడిన తొమ్మిదేండ్లలో ఎనిమిదేండ్లు పరుగులో అతడే ప్రథముడు. తప్పిన ఆ యొక్క యేడు 1962. నాడు 1,474 గజములు పరుగెత్తి అతనిని మించినవాడు లొంబార్డి శిష్యుడు జిమ్ టేలర్.

1967 డిసెంబరు 31. గ్రీన్ బేలో ఎముకలు కొరుకు చలి. ఉష్ణమానము సున్నకు దిగువ సుమారు 25 సెంటిగ్రేడు డిగ్రీలు. నేల గడ్డకట్టి అద్దమువలె జారుచుండెను. డాలస్ జట్టు 17-14తో ముందున్నది. మిగిలినవి 16 సెకండ్లు; గమ్యరేఖ రెండడుగుల దూరము. అంతకుముందే రెండు పరుగులు జారి విఫలమైనవి. ఆట నిలుపు అవకాశములన్నియు వ్యయమైనవి. బంతిని తన్ని మూడు పాయింట్లు గడించి ఆటను సమము చేయవచ్చును. విసరి తప్పినను గడియారము నిలుచును. పరుగెత్తి పడినచో సర్వము ముగియును. క్వార్టర్‌బాక్ బార్ట్ స్టార్ బంతిని ఎవరికిని ఈయక, గార్డు జెర్రీ క్రేమర్ తెరచిన సందున తానే దూరి రేఖ దాటెను. పాకర్స్ 21-17తో గెలిచిరి.

ఇందు గడియారము ముచ్చట గమనింపదగినది. విసరిన బంతి నేలబడినచో గడియారము ఆగును. మైదానము లోపల పరుగెత్తువాడు పడినచో అది నడచుచునే యుండును. కాబట్టి ముందంజలోనున్న జట్టునకు పరుగు గజములతోపాటు కాలమును కూడ మ్రింగి పెట్టును. 1974 జనవరిలో మయామి జట్టు మిన్నెసోటాను 24-7తో ఓడించిన సూపర్ బౌల్ ఇందుకు నిదర్శనము. మయామి క్వార్టర్‌బాక్ బాబ్ గ్రీసీ ఆటమొత్తమున విసరినది ఏడు మారులే! లారీ సోంకా 33 మారులు పరుగెత్తి 145 గజములు గెలిచెను.

1978లో నియమములు మారినవి. బంతి నందుకొనబోవువానిని ఐదు గజములు దాటిన పిమ్మట తాకరాదనిరి; క్వార్టర్‌బాక్‌కు కాపు కాయువారు చేతులు చాపవచ్చుననిరి. విసరుట సుకరమైనది. విసరిన మారు ఒక్కింటికి సగటున సుమారు ఏడు గజములు, పరుగునకు నాలుగు చిల్లర; గణితము తెలిసిన శిక్షకులు క్రమముగా గాలివైపు మ్రొగ్గిరి.

గణితమునకు చిక్కని లెక్క మరొకటి యున్నది. అదే సంవత్సరము హ్యూస్టన్ జట్టున చేరిన ఎర్ల్ కాంబెల్ మొదటి మూడేండ్లును పరుగులో ప్రథముడుగా నిలిచెను. 1980లో 1,934 గజములు. తప్పించుకొనుటకంటె ఢీకొనుటయే అతని రీతి. ప్రతి గజమునకును అతని వెన్నెముక, మోకాళ్లు మూల్యము చెల్లించినవి. తరువాతి కాలమున శస్త్రచికిత్సలు, చక్రముల కుర్చీ అతనికి తప్పలేదు. ప్రేక్షకులు ‘నేల నమ్ముకొన్న జట్టు’ అని మెచ్చుకొనునపుడు, ఆ నేలమీద పడి లేచినది ఒక మనుష్యుని దేహమని తలంచువారు తక్కువ.

2015 ఫిబ్రవరి 1న సియాటిల్ జట్టు గమ్యరేఖకు ఒక్క గజము దూరమున, 26 సెకండ్లు మిగిలియుండగా నిలిచినది. వెనుక మార్షాన్ లించ్ ఉన్నాడు. ఆ రాత్రి 102 గజములు పరుగెత్తినవాడు. అందరును అతనికే బంతి వచ్చుననుకొనిరి. శిక్షకులు విసరుమనిరి, న్యూ ఇంగ్లండ్ జట్టులోని క్రొత్తవాడు మాల్కం బట్లర్ మధ్యలో దూకి అందుకొనెను. సియాటిల్ 28-24తో ఓడినది. శిక్షకులు వివేకము లేనివారు కారు; విసరి తప్పినచో గడియారము ఆగి మరి రెండు ప్రయత్నములు మిగులునని వారి యెన్నిక. అది సరియైన లెక్కయే కావచ్చును. ఐనను లించ్‌వంటివానిని వెనుక నిలుపుకొని లెక్కను నమ్ముకొనుట లొంబార్డికి రుచించెడిది కాదు.

పరుగువీరుల వెల నానాటికి తగ్గినది. 2022లో 1,653 గజములతో ప్రథముడైన జాష్ జేకబ్స్‌కు గాని, న్యూయార్క్ జయంట్స్ జట్టులోని సేక్వాన్ బార్క్లీకి గాని మరుసటి వేసవిలో దీర్ఘకాలపు ఒప్పందము దొరకలేదు. బార్క్లీ 2024లో ఫిలడెల్ఫియాకు తరలిపోయి 2,005 గజములు పరుగెత్తెను. 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన 2,105 గజముల రికార్డును దాటుటకు 101 గజములే కొరత. ఇంకొక ఆట మిగిలియున్నది. శిక్షకుడు అతనిని ఆడనీయక, రాబోవు పెద్ద ఆటలకై విశ్రాంతి నిచ్చెను.

2025 ఫిబ్రవరి 9న ఫిలడెల్ఫియా కాన్సాస్ సిటీని 40-22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచినది. ఆనాడు బార్క్లీ 25 మారులు పరుగెత్తి సాధించినది 57 గజములు మాత్రమే. అతనిని పడగొట్టుటపై ఎదుటివారు దృష్టి నిలుపగా, క్వార్టర్‌బాక్ జేలెన్ హర్ట్స్ వారి తలలమీదుగా బంతి విసరెను. సందు దొరికినపుడు తానే పరుగెత్తి 72 గజములు గెలిచెను. ఆ దినము బార్క్లీకి 28వ పుట్టినరోజు.