మూడు కిలోల ప్రాణం, పద్నాలుగు రోజుల కాపలా

ఆపరేషన్ బాగా జరిగింది, ఇక తీసుకెళ్లొచ్చు అని డాక్టరు పిల్లిని బుట్టలో పెట్టి ఇచ్చేస్తారు. అనుమానాలన్నీ ఆటో ఎక్కాకే మొదలవుతాయి. తూలుతోంది, ఫరవాలేదా? కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకదేం? కుట్టు దగ్గర తడి, రక్తమేనా? ఇలాంటి ప్రశ్నల్లో చాలావాటికి జవాబు తెలుసుకోవడానికి ఇంట్లో ఉండే థర్మామీటరు, గడియారం, చెంచా చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. మన ఇళ్లలో ఆడపిల్లి బరువు మూడు కిలోలు, కాస్త అటూ ఇటూ. మనకు ‘ఇంతే కదా’ అనిపించేది దాని ఒంటికి చాలా ఎక్కువ.

ముందు ప్రాణభయం సంగతి చూద్దాం. ఇక్కడ చెబుతున్న ఆపరేషన్ స్పే, అంటే ఆడపిల్లి అండాశయాలను, చాలాసార్లు గర్భసంచితో సహా, తీసేయడం. పొట్ట తెరిచి చేసే పని కాబట్టి చిన్న ఆపరేషనేమీ కాదు. బ్రిటన్‌లో 2002-04 మధ్య మత్తు ఇచ్చిన 79,178 పిల్లుల వివరాలతో 2008లో ఒక అధ్యయనం వచ్చింది. అన్ని రకాల ఆపరేషన్లూ కలిపి, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో చనిపోయినవి 0.11 శాతం. అంటే దాదాపు 900కు ఒకటి. అది అక్కడి వసతుల లెక్క, మన ఊరి క్లినిక్‌కు యథాతథంగా వర్తించదు. మనకు పనికొచ్చే అంకె వేరే ఉంది. చనిపోయిన పిల్లుల్లో 60 శాతం దాకా ఆపరేషన్ ముగిశాకే పోయాయి, వాటిలోనూ సగం తొలి మూడు గంటల్లోనే. అందుకే తల నిలపలేని పిల్లిని తొందరపడి తెచ్చుకోవద్దు. ఇంకాసేపు ఇక్కడే ఉంచుతామని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంటికొచ్చాక ఆ పూటంతా తూలడం మామూలే. మత్తు పూర్తిగా దిగడానికి ఒక రోజు పట్టవచ్చు. మన దగ్గర ఎక్కువగా వాడే కెటమిన్ మత్తులో పిల్లి కళ్లు మూసుకోదు, అది చూసి మెలకువ వచ్చిందనుకుంటాం. మంచం మీదా సోఫా మీదా కాకుండా నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. బాల్కనీ తలుపు వేయండి. నోట్లో నీళ్లు పోయకండి. మింగడం సరిగా రాకపోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఒళ్లు వేడిగా ఉందని చాలామంది కంగారు పడతారు. పిల్లికి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకూ మామూలే. మనమైతే ఆ వేడికి సెలవు పెట్టి పడుకుంటాం. 103 దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలి. 99 కంటే తగ్గితే ఇంకా త్వరగా చేయాలి. చూడాల్సింది మలద్వారంలో. మీకు అలవాటు లేకపోతే ఆ పని డాక్టరుకే వదిలేయండి. నొప్పిలో ఉన్న పిల్లి ఎంత మచ్చికైనదైనా కరుస్తుంది. కరిస్తే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడుక్కుని, రేబిస్ టీకా సంగతి ఆ రోజే డాక్టరును అడగాలి.

ఇక రక్తం. పిల్లి ఒంట్లో కిలోకు సుమారు 60 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మూడు కిలోల పిల్లికి మొత్తం 180, అంటే మంచినీళ్ల గ్లాసు కూడా నిండదు. అందులో ఐదో వంతు, 36 మిల్లీలీటర్లు, పోతే ప్రాణం మీదికి రావచ్చు. అది ఏడు టీ చెంచాలు. మన ఒంట్లో అదే ఐదో వంతంటే లీటరుకు దగ్గర. మొదటి రోజు కుట్టు దగ్గర గుడ్డకు రెండు మూడు గులాబీ రంగు చుక్కలు అంటితే భయం లేదు. చుక్కలు ఆగకుండా పడుతుంటే బయల్దేరాలి.

పైకి చుక్క కూడా కనిపించకుండా లోపల కారే రక్తం ఇంకా ప్రమాదం. అండాశయానికి వెళ్లే రక్తనాళాన్ని దారంతో బిగించి కోస్తారు, ఆ ముడి జారితే రక్తం పొట్టలోకి పోతుంది. దాన్ని పట్టుకోవడానికి చిగుళ్లు చూడాలి. పై పెదవి కొంచెం ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లే నల్లగా ఉన్న పిల్లయితే కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. ఊపిరి కూడా లెక్కపెట్టండి. నిద్రలో ఉన్నప్పుడు పొట్ట లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే 15 నుంచి 30 మధ్య రావాలి, గుర్రుమంటున్నప్పుడు లెక్క కుదరదు. చిగుళ్లు పాలిపోయి, పాదాలు చల్లబడి, లేవలేకపోతుంటే తెల్లవారేదాకా ఆగొద్దు.

అసలు ప్రమాదం చాలా ఇళ్లలో మందుల డబ్బాలోనే ఉంటుంది. మూలుగుతోంది కదా, పారాసిటమాల్ కొంచెం తుంచి వేద్దామా? వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా తక్కువ. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషమెక్కిన పిల్లులున్నాయి. 650 మాత్రలో పావు ముక్క మూడు కిలోల పిల్లికి వేస్తే కిలోకు 54 మిల్లీగ్రాములు పడుతుంది, అంటే ఐదు రెట్లకు పైనే. కొన్ని గంటల్లో చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహమూ పాదాలూ ఉబ్బుతాయి. విరుగుడు మందు ఉంది, కానీ అది పనిచేసేది త్వరగా తీసుకెళ్తేనే. తెలియక వేసి ఉంటే దాచకుండా డాక్టరుకు ఎంత వేశారో చెప్పండి. మెలాక్సికామ్ అనే నొప్పి మందు పిల్లులకూ ఇస్తారు కదా అంటారేమో. రోజూ వాడేటప్పుడు దాని మోతాదు కిలోకు 0.05 మిల్లీగ్రాములు, అంటే మన పిల్లికి 0.15. మనుషుల మాత్రలో 7.5 ఉంటుంది, అది యాభై రెట్లు. డెట్టాల్ లాంటి లోషన్లలో ఉండే క్లోరోజైలినాల్ కూడా నాకితే విషమే. పసుపు రాస్తే కుట్టు ఎర్రబడిందో లేదో కనిపించదు. డాక్టరు రాసివ్వనిదేదీ కుట్టుకు పూయకండి.

తిండి ఆ రాత్రి మామూలులో పావు వంతు చాలు. ఉడికించిన గోరువెచ్చని కోడిమాంసం వాసనకు చాలా పిల్లులు లేస్తాయి. పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. 24 గంటలైనా ముట్టకపోతే ఫోన్ చేయండి. మనుషుల్లా ఒక రోజు లంఖణం పరమౌషధం అనుకోవద్దు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా బొద్దు పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే వేరే జబ్బవుతుంది. మలం రెండు మూడు రోజులు రాకపోయినా ఫరవాలేదు, ముందు రోజు పస్తు ఉంది కదా. మూత్రం మాత్రం 24 గంటల్లో రావాలి.

కుట్టును రోజూ ఒకే వేళకు, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఫోన్లో ఫొటో తీయండి. వాపు పెరుగుతోందో తగ్గుతోందో బిళ్లతో పోలిస్తే తెలిసిపోతుంది. మూడో రోజు తర్వాత నొప్పి లేని మెత్తని ఉబ్బు కనిపిస్తే చాలాసార్లు అది నీరు చేరడమో, దారం సరిపడకపోవడమో, రెండు మూడు వారాల్లో కరుగుతుంది. పిండకండి. కానీ నొక్కితే లోపలికి పోయి మళ్లీ వచ్చే ఉబ్బు అలాంటిది కాదు. లోపలి కుట్టు విడి హెర్నియా వచ్చిందేమో, అదే రోజు చూపించాలి. చీము, దుర్వాసన, అంచులు విడిపోవడం కూడా అంతే. పేగు బయటికి కనిపిస్తే లోపలికి తోయొద్దు. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో ముప్పావు చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డ తడిపి కప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కుట్లు విడిపోయాయంటే సాధారణంగా ముందు అనుమానించాల్సింది నాలుకనే. దాని మీద గరుకు ముళ్లుంటాయి, అవి దారాన్ని తెంపగలవు. అందుకే మెడకు కాలరు, కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు. పాపం అనిపించి విప్పేసేది మనమే. తినేటప్పుడు తీయండి, పక్కనే కూర్చోండి, అయిపోగానే పెట్టండి.

నెలలు గడిచాక మళ్లీ ఎదకు వచ్చినట్టు అరుస్తూ, దొర్లుతూ, తోక పక్కకు పెడుతుంటే అండాశయం ముక్క లోపల మిగిలిందేమో చూడాలి. ఇది అరుదే, రక్తపరీక్షలో తేలుతుంది. ఆ లక్షణాలు ఉన్న రోజుల్లోనే తీసుకెళ్తే తెలుసుకోవడం సులువు.

ఆపరేషన్‌కు తేదీ తీసుకునే రోజే మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోండి: నొప్పి మందు పేరూ మోతాదూ, కుట్లు విప్పే తేదీ, రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తే మనిషి నంబరు.