కోడ్‌కు మడి నేర్పే యంత్రం

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్‌ను ఆన్‌లైన్‌లో తీసుకున్నవాళ్లందరికీ ఆ ఫారమ్ తెలుసు. పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు. కోటా వదిలిన కాసేపటికే టికెట్లు అయిపోతాయి కాబట్టి ఆ గడుల వంక ఎవరూ తీరిగ్గా చూడరు. ప్రోగ్రామర్ మాత్రం చూడాలి, ఎందుకంటే ఎక్కడివాడైనా ఏదైనా కొట్టి పంపగలిగే చోటు అదే. తిరుపతిలో నేను పాఠం చెప్పే కాలేజీ పిల్లలు అలాంటి బుకింగ్ ప్రాజెక్టులే కడుతుంటారు. కోడ్‌ను గిట్‌హబ్‌లోకి పుష్ చేయగానే సెక్యూరిటీ స్కానర్ తనంతట తానే నడిచేలా పెట్టిస్తాను. 'పేరు' గడి దగ్గర బయల్దేరి డేటాబేస్ దాకా పోయే దారిని అది గీసి చూపిస్తుంది. అప్పుడొస్తుంది ప్రశ్న: "సార్, ప్రోగ్రాం ఇంకా నడవనే లేదు కదా, దీనికెలా తెలిసింది?"

చదివి తెలుసుకుంది. ఇలా చదివే యంత్రాల్లో పాతకాపు లింట్. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాశాడు. అది తేడాగా కనిపించిన వాక్యాల కింద వేలు పెట్టి ఊరుకునేది. భద్రతకు కావలసిన అసలు కిటుకు 1976లో డొరొతీ డెన్నింగ్ రాసిన పేపర్లో ఉంది. ప్రోగ్రాంలో సమాచారం ఎక్కణ్నుంచి ఎక్కడికి పారుతోందో లెక్కగట్టే పద్ధతి అది. ఆమె చూసుకున్నది రహస్యం బయటికి పొక్కకుండా. అదే లెక్కను తిరగేస్తే బయటి చెత్త లోపలికి రాకుండా కాపు కాయొచ్చు.

మడీ మైలా పాటించే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. బయటినుంచి వచ్చిన ప్రతి విలువా మైల. 'పేరు'ను ఒక వేరియబుల్‌లో పెడితే అదీ మైలపడింది. దాన్ని ఇంకో స్ట్రింగ్‌కు అతికిస్తే ఆ స్ట్రింగూ అంతే. శుభ్రం చేసే ఫంక్షన్ గుండా వెళ్లొస్తే మైల పోతుంది. డేటాబేస్‌కు ఇచ్చే ఆజ్ఞ తిరుమల గుడి వంటశాల, పోటు లాంటిది, మైలతో అందులోకి అడుగు పెట్టరాదు. పెట్టిందా, స్కానర్ కేకేస్తుంది.

ఎందుకంత పట్టింపు? పేరు గడిలో ఎవడో ఒంటి కోట్ గుర్తు కొట్టి, దాని వెనకే 'ఆర్ 1=1 --' అని కొట్టాడనుకోండి. కోట్ గుర్తుతో పేరు అక్కడికి ముగుస్తుంది, మిగిలింది ఆజ్ఞలో భాగమైపోతుంది, చివరి రెండు గీతలు ఆజ్ఞలో ఆపై ఉన్నదాన్ని చెల్లకుండా చేస్తాయి. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే కనక డేటాబేస్ అందరి వివరాలూ తెచ్చి ముందు పోస్తుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే పేరు ఆజ్ఞలో కలవదు, విడిగా వట్టి పేరుగానే చేరుతుంది.

నాకు ముచ్చటేసేది దారి చీలే చోట స్కానర్ చేసే పని. ఒక 'ఇఫ్' వస్తే ఎటు పోతుందో దానికి తెలియదు. అందుకని రెండు దారులూ చదువుతుంది, ఏ ఒక్కదాంట్లో మైల అంటినా కలిసే చోట మైల అనే రాసుకుంటుంది. లూప్ వస్తే చుట్టూ తిరుగుతూ మైలపడ్డవాటి జాబితా పెంచుకుంటూ పోతుంది. కొత్త పేరేదీ చేరని చుట్టు రాగానే ఆగుతుంది. వేరియబుళ్లు లెక్కకు అందేటన్నే ఉంటాయి, చేరినది జాబితాలోంచి పోదు. కాబట్టి ఆగి తీరుతుంది. లక్షలమంది ఏం కొడతారో చూడకుండానే అందరికీ వర్తించే మాట చెప్పగలగడం వెనకున్న మర్మం ఇదే.

దీనికి మూల్యం అనుమానం. ఫలానా దారిలోకి ప్రోగ్రాం ఎన్నటికైనా వెళ్తుందా అన్నది అన్ని ప్రోగ్రాంలకూ తేల్చే యంత్రం ఉండదని 1936లో ట్యూరింగ్ చేసిన రుజువు నుంచే తేలుతుంది. అందుకే స్కానర్ ఉత్తుత్తి కేకలూ వేస్తుంది. అబద్ధపు హెచ్చరికలు 30 శాతం దాటితే జనం పరికరాన్ని పట్టించుకోవడం మానేస్తారని కోవెరిటీ స్కానర్ కట్టినవాళ్లు 2010లో రాశారు.

దీని ప్రత్యర్థి చదవదు, బాదుతుంది. 1988లో ఒక గాలివాన రాత్రి విస్కాన్సిన్ ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఇంటినుంచి ఫోన్ లైన్ మీద కంప్యూటర్ వాడుతున్నాడు. లైన్లో గరగరకు పిచ్చి అక్షరాలు దూరి ప్రోగ్రాంలు కూలాయి. ఆయన అదే పని విద్యార్థులతో కావాలని చేయించాడు. యూనిక్స్ పనిముట్లలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కుప్పకూలాయి. ఫజింగ్ అలా పుట్టింది. అది చూపిన తప్పు తప్పే, వాదనకు తావుండదు. కానీ అది నడవని దారిలో ఏముందో దానికి తెలియదు.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి స్కానర్, ఫజర్ ఇద్దరి పరువూ తీసింది. వెబ్‌సైట్లు సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు కాస్త సరుకు పంపి '64 కిలోబైట్లు పంపాను, తిరిగివ్వు' అంటే సర్వర్ తన మెమరీలోంచి అంతా తీసి ఇచ్చేది. సరుకు పొడవు ఇంతని చెప్పిన ఆ అంకె బయటిదని చదివే స్కానర్లకు తెలియలేదు. అప్పుడు కోవెరిటీకి చెందిన ఆండీ చౌ ఒక ఎత్తు వేశాడు. నెట్‌వర్క్‌లో అంకె బైట్లు ఒక వరసలో వస్తాయి, మన ప్రాసెసర్లలో ఎక్కువ భాగం వాటిని తిరగేసి దాచుకుంటాయి. కాబట్టి కోడ్ బైట్లు తిరగేస్తోందంటే చేతిలో ఉన్నది బయటి సరుకే, మైలే! మరుసటి ఏడు జర్నలిస్టు హానో బోక్ రెండో జట్టు, అంటే ఫజర్ల పరువు నిలబెట్టాడు. ఏఎఫ్‌ఎల్ అనే ఫజర్‌తో అదే లోపాన్ని కొన్ని గంటల్లో పట్టి చూపించాడు.

ఆ తర్వాత చరిత్ర జోరందుకుంది. 2016లో గూగుల్ ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఫజ్ చేసే ఓఎస్‌ఎస్-ఫజ్ మొదలుపెట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన సెమిల్ కంపెనీని 2019లో గిట్‌హబ్ కొన్నది, దాని స్కానర్ కోడ్‌క్యూఎల్ అలా గిట్‌హబ్‌లోకి చేరింది. 2021లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో బయటపడ్డ లోపం గొడవతో, అరువు తెచ్చుకున్న లైబ్రరీలనూ వెతకాలని అందరికీ తెలిసొచ్చింది.

ఇప్పుడు స్కానర్ పెట్టడానికి చిన్న ఫైలు చాలు. తెలివి మాత్రం మనం ఇవ్వాలి. మా పిల్లల ప్రాజెక్టులో ట్రావెల్స్ వాళ్లు యాత్రికుల పేర్లు ఎక్సెల్‌లో పంపే వీలుంది. ఆ ఎక్సెల్‌ను చదివే ఫంక్షన్ వాళ్లు సొంతంగా రాసుకున్నది, బయటి సరుకు అటునుంచీ వస్తుందని స్కానర్‌కు తెలియదు. ఆ ఒక్క సంగతి చెప్పగానే కొత్త హెచ్చరికలు వరసకట్టాయి. అందుకే ప్రాజెక్టులు దిద్దేటప్పుడు 'హెచ్చరికలు సున్నా' అన్న పేజీ నేను చూడను. బయటి సరుకు వచ్చే దారుల జాబితా అడుగుతాను, మార్కులు దానికే.