ఆవకాయ సీసాకి లేబుల్ వేయిస్తున్నారా? ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు ఇది చూడండి

పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద పచ్చళ్లు, పొడులు, స్వీట్లు తయారు చేస్తున్న డ్వాక్రా అక్కచెల్లెమ్మలకు, చిన్న తయారీదారులకు ఈ సమాచారం. సరుకు బాగుండి కూడా లేబుల్ దగ్గర ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. సెక్షన్ 52 ప్రకారం తప్పుడు లేబుల్‌తో సరుకు అమ్మితే 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆహార భద్రత చట్టం 2006లోని ఈ సెక్షన్ ప్రింటర్‌ని అడగదు, తయారు చేసినవాళ్లనే అడుగుతుంది. అందుకే డిజైన్ కంటే ముందు లేబుల్ మీద ఏం రాయాలో తేల్చుకోవాలి.

డబ్బు ఎక్కడి నుంచి?

పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు, బ్యాంకు లోనుతో కలిపి వస్తుంది. ఇది యంత్రాలకు, యూనిట్‌కు. బ్యాచ్ నంబర్, తేదీ కొట్టే మెషిన్ కావాలంటే ప్రాజెక్టు రిపోర్టులోనే రాయించుకోండి. లేబుళ్లు మాత్రం రోజువారీ ఖర్చు కిందకే వస్తాయి. సంఘం సభ్యులకు దీనికి దారి సీడ్ క్యాపిటల్. ఆహార తయారీలో ఉన్న ఒక్కో సభ్యురాలికి 40,000 రూపాయల వరకు వస్తుంది. ఇది సమాఖ్యకు గ్రాంటే గానీ సభ్యురాలికి అప్పు, సంఘానికి తిరిగి కట్టాలి. బ్రాండింగ్‌కి 50 శాతం సాయం అని విన్నవాళ్లు ఉంటారు. అది సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కలిసి పెద్ద ఎత్తున చేసే మార్కెటింగ్‌కి. ఒక ఇంటి లేబుల్ ప్రింటింగ్ బిల్లుకి రాదు.

లేబుల్ మీద ఏం ఉండాలి?

అర కిలో ఆవకాయ సీసా తీసుకుందాం. పేరు, మీ పూర్తి చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబర్, ఈమెయిల్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద మీ 14 అంకెల నంబర్, బ్యాచ్ నంబర్, పోషక విలువల పట్టిక ఉండాలి. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలి: మామిడి ముక్కలు, నూనె, కారం, ఉప్పు, ఆవపిండి... నూనె అంటే చాలదు, నువ్వుల నూనా, వేరుశనగ నూనా చెప్పాలి. నిల్వకి సోడియం బెంజోయేట్ వేస్తే దాని నంబర్ 211తో సహా రాయాలి. పల్లీ పొడి లాంటి వాటిలో వేరుశనగ ఉందని వేరేగా చెప్పాలి. అది పడనివాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ తప్పనిసరి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. మన ఊళ్లో అమ్మకానికి తెలుగు ఒక్కటే చాలనుకోవడం కుదరదు.

శాకాహారానికి చతురస్రంలో ఆకుపచ్చ చుక్క. రొయ్యల పచ్చడికి, కోడి పచ్చడికి గోధుమ రంగు త్రిభుజం. పాత రోజుల్లో ఇక్కడ కూడా చుక్కే ఉండేది, 2020 నిబంధనలతో త్రిభుజం అయింది. ప్రింటింగ్ షాపుల కంప్యూటర్లలో ఇంకా పాత డిజైన్లు ఉంటాయి, చూసుకోండి. తేదీ విషయంలో కూడా అంతే. బెస్ట్ బిఫోర్ ఒక్కటే వేస్తే సరిపోదు, ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ ఉండాలి.

తూనికలు కొలతల శాఖ నిబంధనలు వేరేగా ఉన్నాయి. బరువు సీసా కాకుండా లోపలి పచ్చడిదే. గ్రాముకు ఇంగ్లీషులో చిన్న ‘జీ’ ఒక్క అక్షరమే రాయాలి, జీఎంఎస్ అని వేయకూడదు. పన్నులన్నీ కలిపిన ఎంఆర్‌పీతో పాటు యూనిట్ ధర కూడా ఉండాలి. అర కిలో 240 రూపాయలైతే గ్రాముకు 0.48 రూపాయలు అని వేయాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో ఈ శాఖలో ప్యాకర్‌గా నమోదు కావాలి, ఫీజు 500.

షుగర్ తగ్గిస్తుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి లాంటి మాటలు వేయించవద్దు. ఆర్గానిక్ అనాలంటే సర్టిఫికెట్ ఉండాలి. పక్కింటివాళ్లు వేసుకున్నారు కదా అనేది జవాబు కాదు.

ఎన్ని వేయించాలి?

ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేటు ఖర్చు ఉంటుంది కాబట్టి వేలల్లో వేస్తేనే ఒక్కో లేబుల్ చవక. 5,000 వేయించుకోండి అమ్మా, రేటు కలిసొస్తుంది అంటారు. కానీ మొదటిసారి చిరునామా మారొచ్చు, నూనె మారొచ్చు, ఏదో ఒక తప్పు బయటపడొచ్చు. అప్పుడు కట్టలన్నీ చెత్తబుట్టకే. మొదట డిజిటల్ ప్రింటింగ్‌లో మీకు నెలకి సరిపడా, 200 నుంచి 500 వరకు వేయించండి. రేటు ఎక్కువైనా నష్టం తక్కువ.

ఎంఆర్‌పీ, యూనిట్ ధర, బ్యాచ్, తేదీల దగ్గర ఖాళీ వదిలించండి. మామిడికాయ, నూనె ధర ఏటా ఒకేలా ఉండదు. ఎంఆర్‌పీ అచ్చువేశాక ధర పెంచి పైన స్టిక్కర్ అంటించడం నేరం. తగ్గించేటప్పుడు స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ధర కనిపించేలా. ఖాళీలో చెరగని సిరా స్టాంపు గానీ, కోడింగ్ మెషిన్ గానీ వాడండి.

పచ్చడికి మామూలు కాగితం స్టిక్కర్ పనికిరాదు. నూనె తగిలితే మచ్చ పడుతుంది, అక్షరాలు పోతాయి. ప్లాస్టిక్ స్టిక్కర్ లేదా లామినేషన్ చేసింది అడగండి. నమూనా ఒకటి సీసాకి అంటించి, నూనె చేత్తో రుద్ది, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. సీసా పొడిగా ఉన్నప్పుడు, పచ్చడి నింపకముందే లేబుల్ అంటిస్తే బాగా పట్టుకుంటుంది.

వాట్సాప్‌లో పంపిన తెలుగు డీటీపీ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి. ఫోన్ తెర మీద చూసి ఓకే అనవద్దు. అసలు సైజులో ఒక కాపీ తీయించి, ఇంట్లో చదువుకున్న పిల్లలతో గట్టిగా చదివించండి. 14 అంకెలు ఒక్కొక్కటీ సర్టిఫికెట్‌తో సరిచూసి, ఆ కాపీ మీద సంతకం పెట్టి ఇవ్వండి. తర్వాత తప్పు వస్తే ఎవరిదో తేలుతుంది. డిజైన్ ఫైలు కూడా అడిగి తీసుకోండి, డబ్బులిచ్చింది మీరే.

బార్‌కోడ్ చట్టం అడగదు, సూపర్ మార్కెట్లు అడుగుతాయి. కావాలంటే జీఎస్1 ఇండియా దగ్గర తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన గీతలు వేసి ఇస్తే అది వేరొకరి సరుకు నంబర్ కావచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకాన్ని ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తోంది. లేబుల్ మాటలు ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు మీ జిల్లా రిసోర్స్ పర్సన్‌కి చూపించండి. రిజిస్ట్రేషన్ల పనిలో సాయం చేయడం ఆయన బాధ్యత. ఆయనకి చెల్లించేది ప్రభుత్వమే, మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు.