బాబిన్ మార్చినప్పుడల్లా లేవండి

పెళ్లిళ్ల సీజన్‌లో మా టైలరింగ్ షాపులో అమ్మాయిలు మిషన్ మీదికి వంగితే మళ్లీ భోజనానికే తలెత్తుతారు. అప్పటికి నడుము కొయ్యలా బిగుసుకుపోతుంది.

నడుము భాగంలో 5 పూసలు, వాటి మధ్య డిస్కులు ఉంటాయి. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు అది ఎక్కువని తేలింది. పైగా నడుము పూసల నుంచి తొడ ఎముక దాకా వెళ్లే కండరం, కూర్చున్నంతసేపూ ముడుచుకునే ఉంటుంది.

అందుకే బాబిన్ అయిపోయినప్పుడల్లా "లేవండమ్మా" అంటాను. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, రెండు అరచేతులూ నడుముకు ఆనించి, మోకాళ్లు వంచకుండా మెల్లగా వెనక్కి వాలాలి. క్షణం ఆగి మామూలుగా నిలబడాలి. 5 సార్లు చేస్తే చాలు, నిమిషం కూడా పట్టదు. వెనక్కి వంగితే నొప్పి పెరుగుతుందని చాలామంది భయపడతారు. కానీ 1956లో న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ దగ్గర ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగిన ఆ భంగిమలోనే ఉపశమనం పొందాడు. మెకంజీ పద్ధతి అక్కడే మొదలైంది.

తర్వాత కటింగ్ బల్ల పట్టుకుని ఒక కాలు బాగా వెనక్కి పెట్టి, ముందు మోకాలు వంచాలి. వెనక కాలి గజ్జ దగ్గర సాగినట్టు తెలుస్తుంది. 20 సెకన్లు ఉంచి కాలు మార్చాలి. ఊగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు.

నొప్పి పిక్కలోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా ఇవన్నీ ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూత్రం మీద పట్టు తప్పితే మాత్రం మిషన్ అలాగే వదిలేసి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.