క్షయ పరీక్షలు: ఏ పరీక్ష ఏమి చెబుతుంది?

ఒక తల్లి తన పద్దెనిమిదేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని మా ఓ.పి.కి వచ్చింది. రెండు నెలలుగా అమ్మాయికి దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. బరువు తగ్గి 38 కిలోలకు వచ్చింది. తల్లి చేతిసంచిలో లావుపాటి ఫైలు ఉంది. అందులో రక్త పరీక్షల కాగితాలే ఏడు. ఇ.ఎస్.ఆర్. మూడుసార్లు చేయించారు. చేతిమీద సూది పరీక్ష కూడా అయింది. కాని తెమడ పరీక్ష ఒక్కటీ లేదు!

"ఇన్ని పరీక్షలు చేయించాం సిస్టరమ్మా. ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు. అసలు నా బిడ్డకు టి.బి. ఉన్నట్టా, లేనట్టా?" అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. ఈ ప్రశ్న మేము తరచు వింటూనే ఉంటాము. అందుకే ఏ పరీక్ష దేనికి చేస్తారో, అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఇక్కడ వివరిస్తున్నాము.

ప్రశ్నలు మూడు

క్షయ క్రిమిని 1882 మార్చి 24న జర్మనీ దేశపు డాక్టరు రాబర్ట్ కాక్ లోకానికి తెలియజేశాడు. అందుకే ఏటా మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా పాటిస్తాము. ఆనాటి నుండి ఈ జబ్బును పట్టి ఇచ్చే గుర్తుల కోసం శాస్త్రజ్ఞులు వెదుకుతూనే ఉన్నారు. రక్తంలో, తెమడలో, చర్మంలో, మూత్రంలో దొరికే అటువంటి గుర్తులను డాక్టర్లు బయోమార్కర్లు అంటారు.

మీరు ఏ పరీక్ష చేయించుకున్నా, అది ఈ మూడు ప్రశ్నలలో దేనికి జవాబు ఇస్తుందో అడిగి తెలుసుకోండి. ఒకటి, క్రిమి ఒంట్లోకి ప్రవేశించిందా? రెండు, అది జబ్బుగా మారిందా? మూడు, మందులు పనిచేస్తున్నాయా? ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరొక ప్రశ్నకు వాడుకుంటేనే చిక్కు వస్తుంది.

క్రిమి ఒంట్లో ఉందా?

ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మంది ఒంట్లోకి క్షయ క్రిమి ప్రవేశించి ఉంటుందని అంచనా. వారందరూ రోగులు కారు. చాలామందిలో క్రిమి నివురుగప్పిన నిప్పులా నిద్రపోతుంది. వారిలో నూటికి అయిదు నుండి పదిమందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది. చిన్నపిల్లలకు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి, షుగరు వ్యాధి ఉన్నవారికి, తిండి చాలక బలహీనపడినవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

ఈ నిద్రపోతున్న క్రిమిని కనిపెట్టడానికి మాంటూ పరీక్ష చేస్తారు. ఫ్రాన్సు దేశపు డాక్టరు ఛార్లెస్ మాంటూ 1908లో దీనిని వివరించాడు. ముంజేతి చర్మంలోకి కొద్దిగా మందు ఎక్కించి, 48 నుండి 72 గంటల మధ్య చూస్తారు. అక్కడి ఎరుపును కాదు, గట్టిపడిన భాగాన్ని కొలవాలి. సాధారణంగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అంటారు. అంటే శరీరానికి ఆ క్రిమితో పరిచయమైందని మాత్రమే అర్థం, జబ్బు ఉందని కాదు.

బి.సి.జి. టీకా వేయించుకున్నవారికి కూడా ఒక్కొక్కసారి ఈ పరీక్ష పాజిటివ్ రావచ్చు. మన దేశంలో ఆ టీకా పని 1948లో మొదలైనప్పుడు, మొదటి కేంద్రాలలో ఒకటి మన మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరం మిషన్ శానిటోరియం పేరు పాతతరం వారందరికీ తెలుసు. మరోవైపు బాగా నీరసించినవారిలో జబ్బు ఉన్నా చెయ్యి గట్టిపడకపోవచ్చు. కాబట్టి నెగటివ్ వచ్చిందని పూర్తిగా ధైర్యపడరాదు.

ఇగ్రా అనేది మరో రక్త పరీక్ష. క్షయ క్రిమిలోని కొన్ని ప్రోటీన్లను రక్తానికి చూపిస్తే, ఇదివరకే పరిచయమున్న తెల్ల కణాలు ఇంటర్ఫెరాన్ గామా అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దానిని కొలుస్తారు. ఆ ప్రోటీన్లు బి.సి.జి. టీకాలో లేవు కనుక టీకావల్ల పొరపాటు రాదు. అవే ప్రోటీన్లతో సై-టి.బి. అనే కొత్త చర్మ పరీక్ష కూడా ఇప్పుడు మన దేశంలో ఉంది. కాని ఇవి కూడా మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాయి. నిప్పు నివురు కింద ఉందో, మంటగా లేచిందో చెప్పలేవు.

జబ్బుగా మారిందా?

ఊపిరితిత్తుల క్షయకు అసలైన సాక్ష్యం తెమడలోనే ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద రంగు వేసి చూస్తే నీలం నేల మీద క్రిములు ఎర్రని పుల్లల్లా కనబడతాయి. అయితే ఒక మిల్లీలీటరు తెమడలో అయిదు నుండి పది వేల క్రిములు ఉంటే తప్ప ఇవి కంటబడవు.

సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమి జన్యుపదార్థాన్నే వెదుకుతాయి. ఒకటి రెండు వందల క్రిములు ఉన్నా పట్టుకోగలవు. సుమారు రెండు గంటలలో జవాబు వస్తుంది. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ట్రూనాట్ మన దేశంలో తయారైన యంత్రమే. ఇక కల్చర్ అంటే క్రిమిని పెంచి చూడటం. అది చాలా నమ్మదగినది, కాని కొన్ని వారాలు పడుతుంది.

ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే ఆ నీటిలో ఎ.డి.ఎ. అనే పదార్థాన్ని కొలుస్తారు. హెచ్.ఐ.వి. ఉండి బాగా జబ్బుపడినవారికి మూత్రంలో ఎల్.ఎ.ఎమ్. పరీక్ష సహాయపడుతుంది.

రక్త పరీక్షలో తెలియదా?

ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనేవి ఒంట్లో ఎక్కడో వాపు ఉందని చెబుతాయి. న్యుమోనియా అయినా, కీళ్ళవాతమైనా అవి పెరగవచ్చు. పొగ కనబడినంత మాత్రాన ఏ ఇల్లు కాలుతోందో తెలియదు కదా!

ఇంకొక విషయం తప్పక తెలుసుకోండి. రక్తంలో టి.బి. యాంటీబాడీలను, అంటే ఐ.జి.జి., ఐ.జి.ఎమ్.లను చూసే పరీక్షలు నమ్మదగినవి కావని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2012లో భారత ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఎవరైనా అలాంటి పరీక్షకు డబ్బు అడిగితే ఇవ్వకండి.

మా పొరపాటు

ఆ అమ్మాయి విషయానికి వద్దాం. మేము డబ్బా చేతికిచ్చి "కఫం వేసి తీసుకురా" అన్నాము, అంతే. పదిమంది మధ్య సిగ్గుపడి ఆమె ఉమ్మి వేసి ఇచ్చింది. పరీక్ష నెగటివ్ వచ్చింది. మా ల్యాబ్ టెక్నీషియన్ "ఇది తెమడ కాదు, ఉమ్మి" అని గుర్తించి చెప్పకపోతే, ఆ బిడ్డను జబ్బుతోనే ఇంటికి పంపేవాళ్ళం. తప్పు ఆమెది కాదు, వివరించి చెప్పని మాది.

మర్నాడు సరిగా చెప్పి తీసుకున్నాము. యంత్రం క్షయ ఉందని, రిఫాంపిసిన్ పనిచేస్తుందని తేల్చింది. మీరు కూడా ఇలా చేయండి:

- ఉదయం లేవగానే మంచినీళ్ళతో నోరు పుక్కిలించండి.
- ఆరుబయట, ఎవరూ దగ్గర లేనిచోట నిలబడండి.
- రెండు మూడుసార్లు నిండుగా గాలి పీల్చి, రొమ్ము లోపలి నుండి దగ్గి, చిక్కని తెమడను డబ్బాలో వేయండి.
- మూత గట్టిగా బిగించి వెంటనే ల్యాబుకు ఇవ్వండి.

మందులు పనిచేస్తున్నాయా?

మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు. రెండు నెలలు నిండాక, చికిత్స ముగిశాక తెమడను సూక్ష్మదర్శినితో చూస్తాము, అవసరమైతే కల్చర్‌కు పంపుతాము. ఇక్కడ సీబీనాట్ ఉపయోగపడదు. చచ్చిన క్రిముల జన్యుపదార్థాన్ని కూడా అది పట్టుకొని పాజిటివ్ అంటుంది. మాంటూ, ఇగ్రా కూడా జబ్బు తగ్గాక పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు. వాటిని మళ్ళీ చేయించుకొని బెంగపడకండి.

ఖర్చులేని గుర్తు మరొకటి ఉంది, అది బరువు. జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, నెలనెలా బరువు పెరుగుతుంటే మంచి సూచన. అయితే ఒళ్ళు తేలికపడిందని నడుమ మందులు మానితే క్రిమి మొండికెత్తుతుంది. డాక్టరుగారు చెప్పేవరకు మానవద్దు.

ప్రభుత్వ కార్యక్రమంలో మందులు ఉచితం. పౌష్టికాహారానికి 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సహాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలైంది.

ఆ అమ్మాయి ఆరు నెలలూ మందులు మింగింది. రెండో నెలాఖరుకే తెమడలో క్రిములు లేవు. చివరిసారి తూచినప్పుడు 46 కిలోలు ఉంది. ఇంట్లో అందరినీ పరీక్షించాము. నాలుగేళ్ళ తమ్ముడికి జబ్బు లేదని తేలాక నివారణ మందు ఇచ్చాము. తల్లి ఆ పాత ఫైలును మాత్రం ఇప్పటికీ దాచుకుంది.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, రక్త పరీక్షలకు ముందు తెమడ పరీక్ష అడగండి. డబ్బా ఇచ్చేటప్పుడు మేము సరిగా వివరించకపోతే, మమ్మల్ని కూడా అడగండి.