హోమ్‌బర్త్

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చేతుల మీదుగా, ముందే అనుకుని ఇంట్లో జరిపే కాన్పు ఇది. దారిలేక ఇంట్లో జరిగిపోయే పురుడు దీని కిందికి రాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో భాగంగానే దీన్ని కోరుకోవచ్చు. నొప్పులు ఓర్చుకునేందుకు పీల్చే గ్యాస్ సిలిండరు కూడా మిడ్‌వైఫే వెంట తెస్తుంది. బిడ్డకు పాలు పట్టించడం నేర్పడమూ ఆమె పనే.

మిడ్‌వైఫ్‌లలోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. కోతలూ సూదులూ లేని కాన్పే మేలని కొందరు, ఆపరేషన్ థియేటర్ చేరువలో ఉండాల్సిందేనని కొందరు. ఇంగ్లండ్‌లో 2011 నాటి ‘బర్త్‌ప్లేస్’ అధ్యయనంలో, ముప్పు తక్కువున్న తల్లులకు మలి కాన్పుల్లో ఇల్లయినా ఆసుపత్రయినా బిడ్డ క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొలిచూలులో మాత్రం బిడ్డలకు తీవ్ర సమస్యలు ఆసుపత్రిలో వెయ్యికి సుమారు 5, ఇంటి కాన్పుల్లో 9. పైగా ఇంటి కాన్పు ఎంచుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. కాబట్టి అంబులెన్స్ ఎంత దూరంలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఇక మన దగ్గర, తెలంగాణ ప్రభుత్వం శిక్షణ ఇప్పించిన మిడ్‌వైఫ్‌లు కాన్పులు చేసేది ఆసుపత్రుల్లోనే.