అరవై నిండితే వికలాంగుల పింఛను ఏమవుతుంది?



ఈసారి మామిడి చెట్టుకు పట్టే తెగుళ్ల గురించి గాక, మామిడి చెట్టు మీదనుంచి పడిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. జి. కొండూరు, మైలవరం, ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే కోతలే కోతలు. బంగినపల్లి, కలెక్టరు కాయలు చిక్కంతో కోస్తూ కొమ్మ విరిగి పడినవారు, కాలో నడుమో పోగొట్టుకున్నవారు మన వూళ్లలో వుండనే వున్నారు.

మొన్న తేనెమంచు పురుగు చూద్దామని ఒక తోటకు వెళ్లాను. కాపలా పెద్దాయన కర్ర పోటు వేసుకుంటూ ఎదురు వచ్చాడు.

"బాబూ, వచ్చే నెలకు నాకు అరవై నిండుతాయి. ఈ కాలికి వచ్చే పింఛను ఇక ఆగిపోతుందట గదా! ముసలివాళ్ల పింఛనులోకి మార్పించుకోమంటున్నారు. మార్పించుకోమంటారా?"

"తొందరపడకండి పెద్దయ్యా! మార్పించుకుంటే నెలకు రెండు వేలు పోతాయి" అన్నాను.

ఆ లెక్క ఏమిటో వినండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. భరోసా పథకం కింద 2024 జూలై 1న పెంచిన రేట్ల ప్రకారం వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు. అంగవైకల్యం 40 శాతం, ఆపైన వున్నవారికి 6,000. పక్షవాతం వల్లగాని, ప్రమాదం వల్లగాని మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు. కాబట్టి 6,000 వదులుకొని 4,000 తీసుకుంటే ఏడాదికి 24,000 నష్టం. ఎకరం తోటకు ఎరువు, మందుల ఖర్చులో అది ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి.

వృద్ధాప్య పింఛనుకు సామాన్యంగా 60 ఏళ్లు నిండాలి. గిరిజనులకు, చేనేత, గీత, మత్స్య కార్మికులకు 50 చాలు. అయితే వికలాంగుల పింఛనుకు వయస్సుతో పనిలేదు. దానికి కావలసినది సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం. అరవై నిండినంత మాత్రాన కాలు బాగుపడదు గదా! వైకల్యం వున్నంత కాలం ఆ పింఛను ఆ వర్గంలోనే సాగుతుంది. పైగా ఒకసారి వర్గం మార్చుకున్నాక మళ్లీ వెనక్కు రావటం అనుకున్నంత తేలిక కాదు. అందువల్ల ఎవరో చెప్పారని దరఖాస్తు పెట్టకండి.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? రెండు చోట్ల పుట్టింది.

మొదటిది 2025లో జరిగిన తనిఖీ. వైద్యులు పింఛనుదారులను తిరిగి పరీక్షించారు. 15,000 తీసుకుంటూ, వైకల్యం 40 శాతానికి తగ్గకపోయినా, మంచాన లేరని తేలినవారిని 6,000కు మార్చారు. 40 శాతానికి తక్కువ అని తేలినవారిలో 60 దాటినవారిని వృద్ధాప్య పింఛనుకు మార్చారు. 60 లోపు వారికి రద్దు నోటీసులు వెళ్లాయి. అప్పీలు చేసుకునే వీలు కూడా ఇచ్చారు. అంటే మార్పుకు కారణం వయస్సు కాదు, శాతం. శాతం తగ్గిన తర్వాతనే వయస్సు చూశారు.

రెండవది కేంద్రప్రభుత్వపు వాటా. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను 2009లో మొదలైనది. 80 శాతం వైకల్యం వున్నవారికి 18 నుంచి 79 ఏళ్ల వరకు కేంద్రం నెలకు 300 యిస్తుంది. 80 ఏళ్లు నిండగానే ఆ మనిషి వృద్ధాప్య పద్దులోకి వెళతాడు, వాటా 500 అవుతుంది. ఇది ఖాతా పుస్తకాల మార్పు. మన చేతికి వచ్చే మొత్తం రాష్ట్రం నిర్ణయించిన రేటును బట్టే వుంటుంది.

ఇతర దేశాలలో గీత గట్టిగానే వున్నది. బ్రిటన్‌లో పింఛను వయస్సుకు ముందే వికలాంగ భత్యం పొందుతున్నవారికి అదే కొనసాగవచ్చు. ఆ వయస్సు దాటాక కొత్తగా అడిగేవారు వేరే భత్యానికి పెట్టుకోవాలి. మన రాష్ట్ర నిబంధనలో ఆ గీత లేదు. కనుక అరవై దాటాక చూపు, వినికిడి బాగా తగ్గితే "ముసలితనం, ఇంతే" అని వూరుకోక సదరం పరీక్షకు వెళ్లండి. కొత్త దరఖాస్తులు, వర్గం మార్పులు ఎప్పుడు తీసుకుంటున్నారో గ్రామ సచివాలయంలో కనుక్కోండి.

ఇక అసలు జాగ్రత్త ఆధార్ కార్డులో వున్నది. మనిషికి అరవై రెండు, కార్డులో యాభై నాలుగు! రేపు తనిఖీలో 40కి తక్కువ అని తేలితే ఆయనకు వికలాంగుల పింఛనూ వుండదు, వృద్ధుల పింఛనూ రాదు. రెంటికీ చెడిన రేవడి అవుతాడు. పుట్టిన తేదీ తప్పుంటే సరైన రుజువుతో ఇప్పుడే దిద్దించుకోవాలి. ఆ దిద్దుబాటు సామాన్యంగా ఒక్కసారికే వీలు, కాబట్టి అంచనా తేదీ వేయించకండి.

భూమి సంగతి కూడా చూసుకోవాలి. 2019 డిసెంబరు నిబంధనల ప్రకారం కుటుంబానికి మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిపినా 10 ఎకరాల లోపు వుండాలి. మీ మామిడి తోట అడంగలులో మెట్టగా వున్నదో, మాగాణిగా పడినదో చూసుకోండి. సొంత కారు వుండకూడదు; ట్రాక్టరుకు, ఆటోకు మినహాయింపు వున్నది.

గ్రామాలలో పనిచేసే సోదర వుద్యోగులకు ఒక మనవి. సదరం పత్రం తాత్కాలికమా, శాశ్వతమా, గడువు ఎప్పటిదాకా అన్నది చదివి చెప్పండి. మనం ఆ ఒక్క తేదీ చెప్పకపోతే, చదువురాని మనిషికి పింఛను ఆగిన రోజునే అది తెలుస్తుంది. నోటీసు వస్తే భయపడవద్దని చెప్పి, నోటీసు నకలు, పాత పత్రం, ఆసుపత్రి చీటీలు జతచేసి మండల పరిషత్ అభివృద్ధి అధికారికి అప్పీలు రాయించండి. రసీదు మరువకండి.

ఆ పెద్దాయన మార్పించుకోలేదు. ఆధార్ మాత్రం తీసి చూపించాడు. తేదీ సరిగానే వున్నది. మీరూ ఈ పూట మీ ఇంటి పెద్దల కార్డు ఒకసారి తీసి చూడండి.

సెలవు.